తప్పిపోయిండన్న మాట

మా నాయన దేవదానాన్ని వరంగల్ మట్టెవాడలో "జహాజు దేవదానం" అంటేనే గుర్తుపట్టేవారు. యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు వాళ్ల ఓడ మీద పనిచేసి వచ్చాడని ఆ పేరు. వాడలో పిల్లలు "నౌకల నౌకరీ, దొరలకు చాకిరీ" అని ఎగతాళి చేస్తే రాయి తీసుకుని వెంటపడేవాడు. ఆయన కోపం మొత్తం నాకే వచ్చింది. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి. మా తమ్ముడు చెబితే చప్పగా ఉంటుంది.

ఆ ఓడ పేరు హాల్‌బ్రూక్. డిస్ట్రాయర్ అంటారు దాన్ని. అంటే నీళ్ల కింద దాక్కునే జలాంతర్గాములను వేటాడే చురుకైన యుద్ధనౌక. మా నాయన, ఆయన స్నేహితుడు రఘునాథపల్లి యాకయ్య బొంబాయి రేవులో కూలికి పోతే, ఓడలో మనుషులు తక్కువై ఇద్దరినీ ఎక్కించుకున్నారు. ఓడ అడుగున, ఇంజను గదుల్లో నూనె తుడిచే పని. యూనిఫాం లేదు. పేరు పెట్టి పిలవడం కూడా లేదు. ఎవరిని పిలిచినా "బాయ్" అనడమే. పెళ్లయి మీసాలున్న మనుషులు, బాయ్ ఏమిటి వీళ్ల మొహం!

నలభై మూడులో బంగాళాఖాతంలో జపాను వాళ్ల టార్పెడో తగిలి ఓడ వెనక గది పగిలింది. నీళ్లు తోసుకొచ్చాయి. ఇనుప తలుపు మూయకపోతే ఓడ మొత్తం మునుగుతుంది. మూశారు. యాకయ్య లోపల ఉండిపోయాడు. ఓడ మాత్రం బతికింది. కొలంబోలో మరమ్మతు చేయించుకుని మళ్లీ బర్మా తీరానికి పోయి ఫిరంగులు పేల్చింది. అడుగున నూనె తుడిచే కూలీ పోతే దానికేం?

కొలంబోలో ఆ గది తెరిస్తే పీనుగు లేదు, పగిలిన చోటు నుంచి సముద్రంలోకి కొట్టుకుపోయింది. యాకయ్య గురించి అడిగితే ఒక ఆఫీసరు "మిస్సింగ్" అన్నాడట. మా నాయన ఇంటికొచ్చి, యాకయ్య భార్య బక్కమ్మకు ఆ మాటనే తెలుగు చేసి చెప్పాడు. "తప్పిపోయిండు." యుద్ధంలో ఆ ఇంగ్లీషు మాటకు శవం దొరకని చావనే అర్థమని ఆయనకు తెలుసు. మరి మన దగ్గర తప్పిపోవడమంటే? జాతరలో పిల్ల తప్పిపోతుంది, అడవిలో మేక తప్పిపోతుంది. తప్పిపోయినవాళ్లు దొరుకుతారు, వెతకాలంతే. బక్కమ్మ వెతికింది. మేడారం జాతర వచ్చిన ప్రతిసారీ మైకు దగ్గరకు పోయి చెప్పించేది. "రఘునాథపల్లి యాకయ్యా, ఎక్కడున్నా మైకు కాడికి రావాలె, మీ ఇంటామె బక్కమ్మ ఎదురుచూస్తాంది." మైకు పట్టుకున్నవాడు ఆమెను గుర్తుపట్టి నవ్వేవాడు. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించేది.

"నిజం చెప్పరాదు నాయినా, ఇంకెన్నేండ్లు తిప్పుతవ్ ఆమెను?" అని నేను పోరేదాన్ని.

"నేను పీనుగును చూసిన్నా? నోర్ముయ్!" అని నామీద లేచేవాడు.

ఎనభై రెండులో, ఒకప్పుడు ఆ ఓడలో ఆఫీసరుగా చేసిన ఇంగ్లీషు ముసలాయన మా చర్చికి వచ్చాడు. హాల్‌బ్రూక్ చరిత్ర చెబుతానన్నాడు, పాస్టరు తెలుగు చేశారు. నార్వే దగ్గర మంచులో కాపలా, మాల్టాకు సరుకు ఓడలను చేర్చడం, బర్మా, అన్నీ చెప్పాడు. చనిపోయిన నావికుల పేర్లు చదువుతుంటే అందరం లేచి నిలబడ్డాం. యాకయ్య పేరు రాలేదు. అది చాలదన్నట్టు, టార్పెడో తగిలిన నాడు తమ నావికుడొకడు సమయానికి తలుపు మూసి ఓడను కాపాడాడని పొగిడాడు.

మా నాయనకు ఒళ్లు మండింది. "ఏ నావికుడు? ఆ తలుపు మూసింది నేను! లోపట మా యాకయ్య ఉండె! 'దేవన్నా, తలుపు తియ్యి' అని కొడుతుండె! సదువు, వాని పేరు గూడ సదువు!"

పాస్టరు ఆ ఇంగ్లీషు దొర వైపు తిరిగి ఏం చెప్పారో తెలుసా? ఈయన మీ ఓడను గౌరవంగా తలుచుకుంటున్నాడని! ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు.

"అయ్యగారూ, మా నాయిన అట్ల అన్లే! అన్నది అన్నట్టు చెప్పుండ్రి!" అని అరిచాను. చెప్పేదాకా కూర్చోలేదు.

దొర ముఖం పాలిపోయింది. రేవులో ఎక్కించుకున్న కూలీలు నౌకాదళం లెక్కలోకి రారట, అందుకే చనిపోయినవాళ్లలో ఆ పేరు లేదట. తనకు చాలా బాధగా ఉందట. ఆయన బాధ ఎవడిక్కావాలి, థూ!

కబురు మోసేవాళ్లకు మా ఊళ్లో కరువా? సగం మాత్రమే మోశారు. మర్నాడే బక్కమ్మ బస్సెక్కి మా ఇంటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. కొంగులోని బెల్లం తీసి మా నాయన చేతిలో పెట్టింది.

"దొరే చెప్పిండట గద బావా! సచ్చినోళ్లల్ల మా ఆయిన పేరు లేదట! నేను ఎప్పటి సంది మొత్తుకుంటున్న!"

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అని నాయన మీద విరుచుకుపడ్డాను.

ఆయన ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. "సచ్చిండు బక్కమ్మా. ఆ దినమే సచ్చిండు. వాడు లోపట ఉండంగ తలుపు నేనే మూసిన. నీ మొకం చూసినంక నాకు నోరు రాలే. కొట్టు నన్ను, చెప్పు తీసుకోని కొట్టు!"

కొడుతుందనే అనుకున్నాను. కొట్టినా నేను అడ్డం పోయేదాన్ని కాదు. బక్కమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తలుపు సంగతి ఇడిసిపెట్టు బావా. మూయకుంటే అందరు మునుగుదురు" అంది. తర్వాత ఆమె గొంతు లేచింది. "నాకప్పుడు ఇరవై ఏండ్లు. మా అవ్వ మారుమనువుకు సంబంధం తెచ్చింది. మంచోడు, ఎడ్లున్నోడు. నా మొగడు తప్పిపోయిండు, మళ్ల వస్తడు, ఇంకోనితోని నేనెట్ల పోత అని తిట్టి ఎల్లగొట్టిన. సచ్చిండని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయె? నాకు పిల్లలు పుట్టేటోళ్లు గద బావా!"

మా నాయన ఏడుస్తున్నాడు. ఆమె లేచి చెప్పులేసుకుంది. బస్టాండు దాకా తోడొస్తానంటే నన్ను రానీయలేదు.