సర్వర్‌కి పెట్టిన కాపలా

అరకులో నాకో నెట్ సెంటర్ ఉంది. ఘాట్‌రోడ్డు పక్కన కాఫీతోట ఉన్న ఒక అక్క, టూరిస్టుల కోసం రెండు గదులు కట్టి, బుకింగులకి నాచేత వెబ్‌సైటు పెట్టించుకుంది. ఆ సైటు ఉండే సర్వర్‌లో సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ దానంతటది అప్‌డేట్ కావడం మానేసింది. మీరే చేసుకోండి అని హోస్టింగ్ కంపెనీ మెయిల్ పెట్టింది. ఓ పొద్దున్నే అక్క వరండాలో కూర్చుని ఆ పని మొదలుపెట్టాను. కాపలా మామూలుగా ఉండాలా, కఠినంగా ఉండాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. కఠినంగానే ఉండమన్నాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

అప్‌డేట్ అయితే అయింది. చలికి వేళ్లు కొంకర్లు పోయి పాస్‌వర్డ్ రెండుమూడు సార్లు తప్పు కొట్టాను. అంతే, నన్ను దొంగగా తేల్చేసి రేపటిదాకా తలుపేసేసింది. అక్క ఫోన్‌లో చూస్తే అక్కడా అదే వరస. మా దగ్గర ఫోన్లన్నీ, ఫోన్ నెట్‌తో నడిచే నా ల్యాప్‌టాప్‌తో సహా, ఒకే టవరు నుంచి ఒకే ఇంటర్నెట్ చిరునామాతో బయటికి వెళతాయి. కాబట్టి ఊరు ఊరంతా దొంగలమే.

"ఇయ్యాల ఎంతమంది వత్తన్నారో తెలీకపోతే ఎసరెంత ఎట్టాల బాబూ? మొదటిసారి వచ్చినోలు పస్తుండి పోతే మల్లీ ఎవులొత్తారు?" అంది అక్క.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను.

"కంగారు పడకండి సార్. మీ సైటు మీద దాడి చేస్తున్న వ్యక్తిని అడ్డుకున్నాం," అంది ఒక అమ్మాయి.

"ఆ వ్యక్తిని నేనేనండీ."

"ఇంక రాలేడు సార్."

గదులు నిండితే నిండాయని అక్కే ఫోన్‌లో నొక్కాలి. ఆ నొక్కడం కుదరలేదు. కింద మైదానంలో వాళ్లకి మాత్రం సైటు హాయిగా తెరుచుకుంటోంది. మధ్యాహ్నానికి రెండు గదులకి నాలుగు కార్లు వచ్చి ఆగాయి. అక్క తన గది కూడా ఇచ్చేసి, చాపలు వంటింట్లోకి చేర్చింది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకుంటే నవ్వింది.

"ఫారెస్టోల సెక్‌పోస్టు కాడా అంతే కదేటి. టూరిస్టు కార్లకి గేటెత్తుతారు. నా తోటలో కట్టెలు నాను మోసుకొత్తే మోపు దించమని, నువ్వెవులంటారు. నీ మిషనుకి ఎవుడు నేర్పాడో గానీ బాగా నేర్పాడు."

నేర్పింది నేనే. చచ్చేంత సిగ్గేసింది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగబోయాను.

"ఎక్కడికెల్తావు? పెద్ద గుండిగతో అన్నం ఒండాను, తిని ఎల్లు," అంది అక్క. "లోనికి రా. ఇక్కడ నువ్వెవులని ఎవులూ అడగరు."