మాకంటే ముందు పోయిన కబురు

ఫిజిక్సులో నాకు వచ్చిన మార్కులు గొప్పగా చెప్పుకునేటివి కావు. కానీ దయ్యాలను నమ్మకుండా ఉండడానికి అవి సరిపోయాయి. మా చెన్నూరులో ఎవరికైనా గాలి సోకిందంటే నేను జ్వరం మాత్ర ఇచ్చేవాణ్ణి. చాలాసార్లు గాలి పోయేది.

ఇప్పుడు చెప్పబోయే సంగతిలో కూడా దయ్యం ఉందని నేను అనడం లేదు. ఒక మనిషి ఉన్నాడు, అతని చంకలో గొడుగు ఉంది, గడియారంలో ఒక టైము ఉంది. ఈ మూడింటినీ కలిపితే లెక్క కుదరడం లేదు, అంతే.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఎండాకాలం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయింది. మా రోడ్ల మీది గుంతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మా నాయన హెడ్మాస్టరుగా రిటైరై రెండేళ్లయింది. కడుపులో పుండు. మద్రాసులో ఆపరేషన్ చేయించాలి, ఈ వయసులో పూచీ ఇవ్వలేము అన్నాడు డాక్టరు. నాయన లెక్కల అయ్యవారు. పూచీ లేదన్న మాటను భిన్నంగా మార్చుకుని, బతికేది సగం, పోయేది సగం అని తేల్చుకున్నాడు.

మద్రాసు పోయేముందు ముగ్గురిని చూడాలన్నాడు. ప్రొద్దుటూరులో తనతో కలిసి పనిచేసిన దేవసహాయం మేష్టారు, జమ్మలమడుగులో అక్క, పులివెందులలో తమ్ముడు.

మొదటి ఇద్దరితో చిక్కు లేదు. తమ్ముడితో, అంటే మా చిన్నాయనతో, పదకొండేళ్లుగా మాటల్లేవు. కారణం ఎద్దు. తిరునాళ్లలో బండలాగుడు పోటీకి చిన్నాయన తోలుకొచ్చిన ఎద్దును చూసి, ఇది లాగదు అని నాయన పదిమందిలో అన్నాడు. నాయనకు ఎద్దుల గురించి ఏమీ తెలియదు. అయినా అది లాగలేదు. అన్న మాట విని మనసు విరిగి ఎద్దు లాగలేదని చిన్నాయన వాదన.

తర్వాత మూడుసార్లు నాయన రాజీకి పోయాడు. వస్తున్నామని ముందు కబురు పంపినందుకు మూడుసార్లూ ఇంటికి తాళం కనిపించింది. అందుకని ఈసారి జాబు రాయలేదు, మనిషిని పంపలేదు. మా అమ్మకు కూడా కడప డాక్టరు దగ్గరికని చెప్పాము. కడప ఒక దిక్కు, మేము పోయేది ఇంకో దిక్కు. ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే: నాయన, నేను, కారు తోలిన మస్తాన్. మస్తాన్ నాయన దగ్గర చదువుకున్నవాడు, సొంత టాక్సీ పెట్టుకున్నాడు. అతనికి కూడా ఎక్కడికి పోతున్నామో కారు కదిలిన తర్వాతే చెప్పాము.

తెల్లవారి ఆరుగంటలకు బయలుదేరి ఎనిమిది దాటాక ప్రొద్దుటూరు చేరాము. దేవసహాయం మేష్టారు వాకిట్లోనే కుర్చీలు వేసి కూర్చున్నారు. ఉప్మా తయారుగా ఉంది. ఎవరో మనిషి వచ్చి చెప్పిపోయాడట. వీధిలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు, మంచినీళ్లు ఇస్తామంటే వద్దన్నాడు. సన్నటి మనిషి, తలకు తెల్లగుడ్డ, చంకలో మూసిన గొడుగు. మిల్లు కూత అప్పుడే కూసింది కాబట్టి ఏడుగంటలని మేష్టారు కచ్చితంగా చెప్పారు.

నాయన నా వైపు చూశాడు. నేను మస్తాన్ వైపు చూశాను. మస్తాన్‌కు చూడడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి ఉప్మా వైపు చూశాడు.

చెన్నూరులో మమ్మల్ని చూసిన వాడెవడో బస్సులో వచ్చి చెప్పి ఉంటాడని నేను సమాధానం చెప్పుకున్నాను. ఆ టైముకు ముందు బస్సు లేదన్న సంగతి తర్వాత తెలిసింది.

జమ్మలమడుగులో అత్త అన్నం, పప్పు, గోంగూర చేసిపెట్టి ముగ్గురికీ విస్తర్లు కూడా పరిచింది. ముగ్గురని ఎవరు చెప్పారంటే, గొడుగు పెట్టుకున్నాయన చెప్పాడంది. అత్తకు చెవుడు. అతను చాలా మాటలు చెప్పాడట, ఆమెకు మూడు వేళ్లు కనిపించాయి, "వస్తాండారు" అన్న ముక్క వినిపించింది. ఈమె కూడా చెంబుతో నీళ్లు తీసుకుపోతే అతను తల అడ్డంగా ఊపి పోయాడు. టైమెంత అని నేను చెవిలో అరిచాను. ఆసుపత్రి గంట ఏడు కొట్టినప్పుడు వచ్చాడు, వంటింట్లో ఉన్న కోడలు కూడా ఆ గంట విన్నదంది. కోడలికి చెవుడు లేదు. ఆమె కూడా ఏడే అంది.

ఏడుగంటలకు ప్రొద్దుటూరులో ఉన్న మనిషి ఏడుగంటలకే జమ్మలమడుగులో ఎట్లా ఉన్నాడన్న ప్రశ్న మా ముగ్గురిలో ఎవరూ అడగలేదు. నాయన బాధ వేరు. ఈ పెద్దమనిషి పులివెందులకు కూడా పోయి ఉంటే చిన్నాయన నాలుగోసారి తాళం వేసుకుంటాడు. మద్రాసు టికెట్లు ఎల్లుండికి. ఇంకోసారి రావడానికి వీలవుతుందో లేదో, ఆ సగం లెక్క ఎటు తిరుగుతుందో తెలియదు.

పెన్నలో నీళ్లు లేవు. కాడెడ్లను కట్టి కారును ఇసుకలో అవతలి గట్టుకు లాగించాము. ముద్దనూరు మీదుగా పోయాము. పులివెందుల పొలిమేర వచ్చినాక నాయన అన్నాడు: "తాళముంటే అరుగుమీద కూచుంటా. తిరిగొచ్చేదాకా కూచుంటా."

తాళం లేదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఇంటిముందు చప్పరం కింద ముప్పై మంది దాకా జనం, అందరూ నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. ఎవరో పోయారనుకున్నాము. పదకొండేళ్ల తర్వాత సరిగ్గా ఈ పూటే వచ్చామే అని నేను నొచ్చుకున్నాను. నాయన కారు దిగాడు. ముప్పై మందీ ఒక్కసారి లేచారు, అందులో కొందరు వెనక్కి జరిగారు.

చిన్నాయన లోపలినుంచి వచ్చాడు. తలకు పోసుకున్న నీళ్లు ఇంకా కారుతున్నాయి, పంచె తడిగా ఉంది. మోకాళ్ల కింద ఎర్రమట్టి ఇంకా పూర్తిగా పోలేదు. గడపలో నిలబడి నాయనను పైనుంచి కిందిదాకా చూశాడు.

"సచ్చిపోయినావని చెప్పినారు గదన్నా," అన్నాడు.

"ఎవరు?"

"ఎవరో. గొడుగాయన. ఏడుగంటల బస్సు పోతాంటే వచ్చినాడు. మీయన్నను తీసుకొస్తాండారు, తలుపు తీసిపెట్టు అన్యాడు. ఇంట్లోకి రాల్యా, నీళ్లు ముట్టల్యా. ఇంకేమనుకోవల్ల నేను?"

మా వైపు చావు కబురు తెచ్చేవాడు గడప దగ్గరికి రాడు, ఆ ఇంట్లో నీళ్లు తాగడు. వీధిలోనే నిలబడి చెప్పి పోతాడు. దేవసహాయం మేష్టారు చర్చికి పోయే మనిషి, ఆయనకు ఈ పట్టింపు తెలియదు. అత్త చెవుడు అత్తను కాపాడింది. చిన్నాయనకు చెవులు బాగా పనిచేస్తాయి. బతికున్నవాళ్లు వస్తారు, తీసుకొచ్చేది పోయినవాళ్లను. మా వంశంలో అందరినీ పెట్టేది పులివెందుల చేనులోనే. అన్నను తెస్తున్నారనుకుని ఆయన కూలివాళ్లను పిలవకుండా, తాత పక్కన తానే గుంత తవ్వి, వచ్చి తలకు పోసుకుని, మా కారు కోసం కూర్చున్నాడు.

నాయన ఆయన చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. రెండు అరచేతులూ బొబ్బలు.

"పారకు పిడి సరిగ్గా బిగించల్యా నువ్వు," అన్నాడు నాయన.

పదకొండేళ్ల తర్వాత కూడా నాయన నోట వచ్చిన మొదటి మాట తప్పుపట్టడమే. చిన్నాయన ఏడ్చాడు. పనికిరాని మాట అనడానికి అన్న బతికే ఉన్నాడన్న నమ్మకం అప్పుడు కుదిరిందని తర్వాత నాతో అన్నాడు.

కొంచెం తేరుకున్నాక అనుమానపడ్డాడు కూడా. కాకి తలమీద తన్నితే దోషం పోవడానికి చచ్చిపోయినట్టు చుట్టాలకు అబద్ధపు కబురు పంపే అలవాటు మాలో ఉంది. అట్లాంటిదేమైనా చేసినావా అని నాయనను నిలదీశాడు. నాయన కాకులను నమ్మడు. మస్తాన్ ఖురాన్ మీద ఒట్టు వేశాడు. నేను ఫిజిక్సు మీద వేశాను గానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ జనంలోనుంచి మస్తాన్ నన్ను కారు వెనక్కి పిలిచాడు. "ఏడుగంటలకు మనం యాడుంటిమి అప్పా?" అన్నాడు మెల్లగా.

ఖాజీపేట దాటాక రోడ్డు పక్కన ఆగి ఉన్నాము. వెనక సీట్లో నాయన తల ఒక పక్కకు వాలింది, పిలిస్తే పలకలేదు. నేను మణికట్టు పట్టుకుని చూశాను. నాడి దొరకలేదు. నాకు నాడి చూడడం రాదు కాబట్టి అది సాక్ష్యం కాదు. మస్తాన్ నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, ఎందుకు ఆపినారు, టైము పోతుంది అని మమ్మల్ని తిట్టాడు. నిద్రపోయానన్నాడు. మేమూ నిద్రే అనుకున్నాము. నా గడియారంలో అప్పుడు ఏడూ రెండు నిమిషాలు. అది ఎప్పుడూ రెండు నిమిషాలు ముందుంటుంది.

ఇది నేను నాయనకు ఎప్పుడూ చెప్పలేదు. మద్రాసులో ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన ఇంకా తొమ్మిదేళ్లు బతికి చాలామంది తప్పులు దిద్దాడు.

గొడుగు మనిషి కోసం నేను చాలా ఏళ్లు విచారించాను. మూడు ఊళ్లలోనూ బస్సుల వాళ్లను, టీ అంగళ్ల వాళ్లను అడిగాను. ముగ్గురు వేరు వేరు మనుషులై ఉంటారనుకుంటే, ముగ్గురికీ మా ప్రయాణం ఎవరు చెప్పారో తేలదు. ఒకడే అనుకుంటే, వాడికి మూడు ఊళ్లలో ఒకటే ఏడుగంటలు ఎట్లా అయ్యాయో తేలదు. అది ఎవరై ఉంటారని చిన్నాయనను అడిగితే ఆయనకు ఆ విచారమే లేదు. "ఎవడైతే నాకేంది రా. తలుపు తియ్యమన్యాడు, తీస్తి," అన్నాడు.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ గుంత పూడ్చడానికి చేనుకు పోయారు. నేను పార అడిగితే ఇద్దరూ ఇవ్వలేదు. మట్టి తోస్తూ, మళ్లీ తవ్వినప్పుడు ఇది ఎవరికి అన్న దానిమీద వాళ్లకు మాట పెరిగింది. పెద్దవాణ్ణి నేను, నాకే అని నాయన. తవ్వింది నేను, నాది అని చిన్నాయన. పొద్దు గూకేదాకా అది తెగలేదు. గట్టుమీద కూర్చుని నేను వింటూ ఉన్నాను, ఈ తగవు ఇంకో పదకొండేళ్లు సాగితే బాగుండునని మొదటిసారి అనిపించింది.