కాపలా పాక ముందు మెలికల ముగ్గు

మా చిన్నప్పుడు చేపల చెరువు గట్టు మీది కాపలా పాకకు తలుపు ఉండేది కానీ, ముగ్గు ఉండేది కాదు... అక్కడ ఉండేది ఎప్పుడూ ఒంటి మగవాడే. కళ్ళాపి చల్లేదెవరు, ముగ్గు పెట్టేదెవరు?

దెందులూరు దాటి కొల్లేరు వైపు వెళ్తే మా చెరువు. నేను మూడో తరగతిలో ఉండగా, ఒక కార్తీకంలో నాన్న ఆ పాకలోకి ఇద్దరిని తెచ్చారు. సూరిబాబు, పద్మ. తాడేపల్లిగూడెం వాళ్ళు. కులాలు వేరు... ఏలూరులో పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళను చంపడానికి పద్మ అన్నలు మనుషులను పెట్టారు.

"చెరువు మీద ఆడమనిషి ఉందని ఎక్కడా అనకమ్మా. వాళ్ళ ప్రాణాలు పోతాయి" అన్నారు నాన్న.

నేను ఎవరికీ చెప్పలేదు... ఒట్టు.

రోజూ బడికి ముందు నాన్న బండి వెనక కూర్చుని వాళ్ళకు క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. పద్మక్క పగటిపూట బయటికి వచ్చేది కాదు. చీర కూడా లోపలే ఆరేసుకునేది. నాకు జడ వేస్తూ భర్తను పిలిచేది.

"ఏవండీ, ఈ పిల్ల తలనిండా పేలేనండీ! వల వేసి పట్టాలి."

"నీ చేతికి చిక్కాక తప్పించుకునేదేముందిలే... నేను చిక్కలేదూ?"

ధనుర్మాసం వచ్చింది. ఊళ్ళో ప్రతి వాకిటా ముగ్గులే. ఒకరోజు అమ్మకు తెలియకుండా గుప్పెడు ముగ్గుపిండి పొట్లం కట్టి తీసుకెళ్ళాను. నాన్న గట్టు మొదట్లోనే బండి ఆపి, పనివాళ్ళతో మాట్లాడుతూ అక్కడే ఉండిపోయారు.

"మీ వాకిలి బోసిగా ఉందక్కా."

"మాకిప్పుడు ముగ్గేంటమ్మా... వద్దులే."

"చిన్నదే. నా కోసం."

ఆ పిండిని చాలాసేపు చూసింది. తరువాత గట్టు మీద ఎవరూ లేరని చూసుకుని, వాకిట్లో కూర్చుని, తొమ్మిది చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసింది. సూరిబాబు మేత బస్తా దించి నిలబడిపోయాడు. "ఇప్పుడు ఇల్లులా ఉందే" అన్నాడు.

మర్నాడు మేం వెళ్ళేసరికి గట్టంతా జనం. చేపలు కొనేవాళ్ళలా వచ్చిన ముగ్గురు సూరిబాబును నరికేశారు. అతను తలుపుకు అడ్డం నిలబడ్డాడు కనుక, పద్మక్క వెనక నుంచి చెరువులోకి దూకి బతికింది. వచ్చినవాళ్ళలో ఒకణ్ణి పనివాళ్ళు పట్టుకుని కట్టేశారు. ఇక్కడున్నారని ఎలా తెలిసిందని నాన్న నిలదీస్తే, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"నాలుగు రోజులుగా గట్లన్నీ తిరుగుతున్నామండీ. నిన్న కాపలా పాక ముందు ముగ్గు చూసి ఆగామండీ."

నాన్న పద్మక్క వైపు తిరిగారు. "ముగ్గెందుకు వేశావమ్మా?"

తడిసిన చీరలో వణుకుతూ ఆమె ఒక్కసారి నా వైపు చూసింది.

"అలవాటు కొద్దీ వేశానండీ... పిండి ఆయన చేతే తెప్పించుకున్నాను."

కాలేజీ డిబేట్లలో 'పరువు' అంటూ ఎవరు లేచినా కూర్చోబెట్టే దాకా వదలను. ఈ పోస్టు కింద ఆ మాట రాయబోయేవారికీ అక్కడ నేను అడిగే ప్రశ్నే: ఒక ఇల్లాలు తన వాకిట్లో ముగ్గు వేసుకుంటే కూలిపోయేది పరువెలా అవుతుంది? కానీ పద్మక్క చెప్పిన ఆ ఒక్క అబద్ధానికి మాత్రం ఇన్నేళ్ళుగా నా దగ్గర జవాబు లేదు. నాన్నకూ నిజం తెలియదు... ఇది చదివే దాకా.

ఇప్పుడా గట్టు మీద పాక లేదు. సిమెంటు గది, దాని మీదో కెమెరా. ధనుర్మాసంలో అమ్మ ముగ్గుపిండి అందిస్తే, అందుకోవడానికి నా గుప్పిట ఇప్పటికీ విచ్చుకోదు...

మీ చిన్నప్పటి తప్పును తమ నెత్తిన వేసుకున్నవాళ్ళు మీకూ ఉంటే, వాళ్ళ గురించి ఇక్కడ రాయండి. వీలైతే ముందు వాళ్ళకే చెప్పండి.

పద్మక్క ఎక్కడుందో నాకు తెలియదు. ఆమె వాకిట్లో ముగ్గు ఉందో, లేదో...