వైద్యుణ్ణి నకిలీ అన్నవాళ్లు

ఆటను తిరిగి ప్రారంభిస్తున్నామంటూ కంపెనీవారు పంపిన ప్రకటనలో, మా పాత వీరులు మా కోసం ఎదురుచూస్తున్నారని ఉంది. నా వీరుడి విషయంలో అది నిజమే. నాతోపాటు ఆడిన మనిషి విషయంలో మాత్రం పచ్చి అబద్ధం. ఏళ్లు గడిచినా ఆ అబద్ధాన్ని నేను క్షమించలేకపోతున్నాను.

అది కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు ఉన్న ఆన్‌లైన్ ఆట. వేలమంది ఒకే లోకంలో ఒకేసారి తిరుగుతారు. ఎవరి పాత్రను వారు తయారుచేసుకొని, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ పెంచుకుంటారు. 2011లో దుబాయ్‌లోని ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలరుగా చేరిన కొత్తలో, నైఫ్ బజారులో మొబైల్ రిపేరు దుకాణం పైనున్న ఇంటర్నెట్ సెంటరులో దాన్ని మొదలుపెట్టాను. శుక్రవారం జుమ్మా నమాజు ముగిశాక ఆ సెంటరు షట్టరు లేచేది. అప్పటికే మెట్ల మీద నాకంటే ముందు వచ్చి కూర్చునేవాడు మా సైటులో పరంజాలు కట్టించే స్కఫోల్డింగ్ ఫోర్‌మన్. ఊరు జగిత్యాల వైపు, ఉండేది సోనాపూర్ కార్మికుల క్యాంపులో. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను సారూ అనేవాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి క్యాంపులో తెలిసిన రోజునుంచీ ఆయన గదిలోని వారందరి సెలవు దరఖాస్తులు, పాస్‌పోర్టు రెన్యువల్ కాగితాలు, ముదీర్‌కు, అంటే మేనేజరుకు, పెట్టుకునే విన్నపాలు నా చేతిమీదుగానే వెళ్లేవి. కాబట్టి ఆటలో ఖాతా తెరిచే ఫారం కూడా నేనే నింపాను.

"నీ పేరే ఏసెయ్ సారూ. నాకు ఈమెయిల్ ఏడుంది?" అన్నాడాయన.

వేశాను. నా ఈమెయిల్, నా పేరు, నా పుట్టిన తేదీ. రెండు ఖాతాలకూ అవే. అప్పట్లో ఆట ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

నేను ఖడ్గవీరుణ్ణి ఎంచుకున్నాను. ఆయన తెల్లగడ్డం వైద్యుణ్ణి ఎంచుకున్నాడు. వైద్యుడు యుద్ధం చేయడు. వెనక నిలబడి, ముందున్నవారి ప్రాణం ఎంత మిగిలిందో తెరమీది ఎర్రగీతల్లో చూస్తూ, ఎవరి గాయం ఎప్పుడు మాన్పాలో నిర్ణయిస్తాడు. మంత్రశక్తి కొంచెమే ఉంటుంది. ప్రతి గీతకూ ఖర్చుచేస్తే అసలు వేళకు చేతిలో ఏమీ ఉండదు. సైటులో ఇరవైమందిలో బెల్టు కొక్కెం తగిలించుకోనివాడెవడో కిందినుంచే కనిపెట్టే మనిషికి ఆ విద్య ఒకరు నేర్పవలసిన అవసరం లేకపోయింది.

ఒకసారి మంచుగుహలో డ్రాగన్ ముందు నా ప్రాణం వెంట్రుకవాసిలో ఉంటే, ఆయన నన్ను వదిలేసి ఎవరో ముక్కూమొహం తెలియని విలుకాణ్ణి బతికించాడు. నేను నొచ్చుకుంటే నవ్వాడు. "ఇంకొక్క దెబ్బకు ఆగుతవ్ సారూ, నాకెరుకే. వాడు ఆగకపోవు." అదే నిజమైంది. సెంటరులోని మలయాళీలు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, ఇద్దరు ఈజిప్టువాళ్లు ఆయన "పీఛే" అంటే వెనక్కి జరిగేవారు, "యల్లా" అంటే దూకేవారు. నాలుగు నెలల శుక్రవారాలు కష్టపడితే ఆ డ్రాగన్ పడింది. దాని దగ్గర దొరికిన తెల్లదండం ఆయనకే చెందాలని అందరూ ఒక్కమాటగా అన్నారు. కుర్చీ కోసం కూడా తగాదా పడే ఆ సెంటరులో ఆ ఒక్కదానికి తగాదా రాలేదు.

2014లో ఆటను మూసేశారు. మూడేళ్ల తర్వాత కొత్త యాజమాన్యం తెరిచింది. అప్పటికి నేను దుబాయ్‌లోనే ఇంటర్నేషనల్ సిటీలో ఒక గదికి మారాను, లాప్‌టాప్ కొనుక్కున్నాను. ప్రారంభమైన శుక్రవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని బస్సులో వచ్చాడు.

ముందుగా నా ఖాతా తెరిచాను. ఒకే పేరు మీదున్న ఖాతాలను ఒకటిగా కలుపుతామని, అంగీకారమైతే నొక్కమని ఒక పెట్టె కనిపించింది. చదవకుండా సంతకం పెట్టవద్దని క్యాంపులో అందరికీ బోధించే నేను, సంబరంలో చదవకుండా నొక్కాను. నా ఖడ్గవీరుడు వచ్చాడు. ఆ తర్వాత ఆయన ఖాతా తెరవబోతే, అది నకిలీ ఖాతా గనుక తొలగించామని వచ్చింది. తెల్లదండం నా సంచిలో ఉంది. ఖడ్గవీరుడు దాన్ని పట్టుకోలేడు, ఇంకొకరికి ఇవ్వడానికీ వీల్లేదు.

"నా మనిషేడి సారూ?"

నేను ఆ పేజీని మూసి మళ్లీ తెరిచాను. అదే వాక్యం.

"సచ్చిండా? లేకపోతే కఫీల్ పాస్‌పోర్ట్ గుంజుకున్నడా?" అని, వీసా ఇచ్చే యజమాని మీద జోకు వేసి తానే నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆ వారంలోనే ఆట కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. ప్రతిదానిలో జరిగినదంతా వరుసగా, మర్యాదగా వివరించాను. నాలుగింటికీ ఒకే జవాబు, అక్షరం కూడా మారలేదు. నేను చేసే ఉద్యోగంలో, కొత్త డ్రాయింగు వస్తే పాతదాన్ని చింపెయ్యం. రద్దయిందని ముద్రవేసి, తేదీ రాసి, అల్మరాలో దాస్తాం. రేపు గోడలో పగులు కనిపిస్తే పాత కాగితమే సాక్ష్యం. ఒక కాగితానికి మేమిచ్చే గౌరవాన్ని వాళ్లు ఒక మనిషి మూడేళ్ల శ్రమకు ఇవ్వలేదు. పైగా అదే ఆటలో ఇప్పుడు గాయాలు మాన్పే సీసాలు అమ్ముతున్నారు. ఎవరికి వారే కొని తాగొచ్చు. ఇక వెనక నిలబడి అందరినీ కనిపెట్టుకునేవాడి అవసరమే లేదన్నమాట.

అయిదో ఉత్తరానికి మాత్రం ఎవరో మనిషే జవాబిచ్చినట్టుంది. ఒక మనిషికి ఒకే పాత్ర ఉండాలి. నమోదైన వ్యక్తి తన గుర్తింపు కార్డు పంపి, ఖడ్గవీరుణ్ణి వదులుకుంటే, వైద్యుణ్ణి తిరిగి ఇస్తారట. నేను వదులుకోవడానికి నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం నాకు కొంత గర్వాన్ని కూడా ఇచ్చిందని ఒప్పుకోవాలి. మరుసటి శుక్రవారం ఆ మాట ఆయనతో చెప్పాను.

"అంటే వైద్యుడు నీ పేరు మీదనే ఉంటడు," అన్నాడు.

"పేరే కదన్నా. ఆడేది నువ్వే."

"నా ఫోన్ల సిమ్ము నీ పేరు మీదనే ఉండె. గిది గూడ గట్లనేనా? రేపు ఇంకో తాప మూసి తెరుస్తె మల్ల నేనే నకిలీ గాదా?"

"అప్పుడు మళ్లీ రాస్తాను."

"రాస్తవ్. గదే నీ పని." కుర్చీని నా వైపు తిప్పాడు. "ఇన్నేండ్ల సంది మా అందరి ఫారాలు నింపినవ్ సారూ. ఒక్కటన్న నన్ను నింపనిచ్చినవా?"

"నువ్వు అడగలేదు కదా."

"అడిగే టైమేడిచ్చినవ్? నేను నోరు తెరిచే లోపల నీ జేబుల పెన్ను బయటికొస్తుండె."

ఆ మాటకు నాకు కోపమొచ్చింది. చేసిన సాయమంతా తప్పుగా లెక్కకట్టినట్టు అనిపించింది. కానీ కంపెనీ మీద వచ్చినంత సులువుగా ఆయన మీద కోపం నిలవలేదు. వాళ్లు ఆయనను నకిలీ అనగలిగింది, నేను రాసిన ఫారం చూసే.

కొత్త ఖాతా ఫారం తెరిచి, లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపాను. రెండు వేళ్లతో మొదలుపెట్టాడు. ముందు ఈమెయిల్. అది తెరవడానికే అరగంట పట్టింది. తర్వాత పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టు. ఒక అక్షరం దొరక్క వెతుకుతుంటే నా చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి వెళ్లింది. మోచేత్తో నెట్టేశాడు.

"పుట్టిన తేదీ అంటున్నడు. అసలుదా, పాస్‌పోర్ట్‌దా?"

"పాస్‌పోర్ట్‌దే అన్నా."

"మరి అసలుది ఎవనికి జెప్పాలె?" అని గొణుగుతూ పాస్‌పోర్ట్‌దే కొట్టాడు.

మళ్లీ వైద్యుణ్ణే ఎంచుకున్నాడు. మొదటి మెట్టు, చేతిలో ఎండుకర్ర, చుట్టూ పచ్చిక, పచ్చికలో తోడేళ్లు. నేను పక్క గదిలోని మిత్రుడి లాప్‌టాప్ అడిగి తెచ్చి, ఖడ్గవీరుడితో పరుగున వెళ్లి, ఆయన మీదికి వస్తున్న తోడేలును ఒక్క వేటుతో నరికాను.

"ఏం జేస్తున్నవ్ సారూ? పై మెట్టోడు కొడితే కింద మెట్టోనికేం రాదు. రూల్ మరిచినవా? ఎనకకు జరుగు."

జరిగాను. తర్వాతి తోడేలు ఆయనను చంపింది. రెండోసారీ చంపింది. నా సంచిలో తెల్లదండం అలాగే ఉంది. మూడోసారి ఆ ఎండుకర్రతోనే కొట్టి, ప్రాణం గీత కొసకు వచ్చేదాకా ఆగి, సరిగ్గా అప్పుడు తన గాయం తానే మాన్పుకొని, తోడేలును పడగొట్టాడు.

తెరమీదినుంచి చూపు తిప్పకుండా అన్నాడు: "ఇంకోటి ఏడున్నదో చూపియ్యి. చూపిస్తె చాలు."