వాగు అవతలి పొలి

మా చర్చిలో ఒట్టు పెట్టుకోకూడదంటారు. కాబట్టి ఒట్టు వేయను. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి.

మాది మేడ్చల్. లాల్‌గడి మలక్‌పేట్ దాటాక వచ్చే ఒక ఊరికి నన్ను పంచాయతీ కార్యదర్శిగా వేశారు. ఊరి పేరు చెప్పను, రేపు మళ్ళీ అక్కడికే డ్యూటీకి పోవాలి. ఆ ఊరికి వాగు అవతల ఒక గూడెం ఉంది. అందులో అనసూయక్క ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. వాళ్ళాయనకు కంపెనీలో రాత్రి డ్యూటీ. మామ మైసయ్యకు పక్షవాతం. కుడి పక్క కదలదు, మాట పూర్తిగా పడిపోయింది. అక్క కూతురు స్రవంతి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. వాళ్ళు కాక ఇంట్లో నేను.

మైసయ్య ఒకప్పుడు ఊరి కావలికారు. బొడ్రాయి పండుగ చేస్తే పొలి చల్లేది ఆయనే. తెలియనివాళ్ళకు చెబుతాను. ఊరి నడిమధ్య పాతిన రాయి బొడ్రాయి. ఆ పండుగ రాత్రి బలిరక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లుకుంటూ, పొలి పొలి అని కేకలేస్తూ తిరుగుతారు. ఊరికి కట్టు వేయడమంటే అదే. లోపలున్న చెడు బయటికి పోతుంది. గీత మూసుకున్నాక బయటివాళ్ళు బయటే, లోపలివాళ్ళు లోపలే, తెల్లారేదాకా ఎవరూ దాటకూడదు.

ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ పండుగ వచ్చింది. ఇంతలో గూడెం వేరే పంచాయతీ అయిపోయింది. రెండింటికీ నేనే కార్యదర్శిని. పెద్దమనుషులు ఆఫీసుకొచ్చి, మన ఊరి హద్దు ఇప్పుడు ఎక్కడిదాకా అని అడిగారు. ఫోన్లో మ్యాపు తీసి చూపించాను. వాగు దాకా. అంతే, పొలిని ఈసారి వాగు దగ్గరే తిప్పేద్దామని తీర్మానం చేసుకున్నారు. పన్నులు వేరయ్యాయి, ఓట్లు వేరయ్యాయి, ఇంకా కట్టు మాత్రం ఒకటెందుకని వాళ్ళ వాదన. నాకూ సబబే అనిపించింది.

నిజానికి పాత పొలిమేర గూడేనికి అవతల, బండ్ల బాట మీద ఉంది. అక్కడొక హద్దు రాయి. తాలూకా పోయి మండలం వచ్చింది, రంగారెడ్డి జిల్లా పోయి మేడ్చల్ జిల్లా వచ్చింది, ఆ రాయి మాత్రం ఉన్నచోటే ఉంది. మైసయ్య పొలి ఎప్పుడూ గూడేన్ని లోపల కలుపుకుని ఆ రాయి మీదుగానే తిరిగేదట.

పండుగనాడు అనసూయక్క అన్నం ముట్టలేదు.

"ఊర్లకెళ్లి ఎల్లగొట్టింది యాడికి పోతది మేడమ్? వాగు దాటి మా మీదికే గద" అంది.

దయ్యాలకు మ్యాపు చదవడం రాదులే అక్కా అని వేళాకోళం చేశాను.

రాత్రి డప్పులు మొదలైన కాసేపటికే స్రవంతికి నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది. గూడెం నుంచి ఉన్న ఒకే ఒక్క తారు రోడ్డు ఊరి మీదుగా పోతుంది. అక్కడ ముళ్ళకంపలు అడ్డం పెట్టి కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఫోన్ చేసి బతిమాలాను. కట్టు తెగితే ఊరందరికీ అరిష్టమన్నారు. అంబులెన్సు వాళ్ళేమో బండ్ల బాటలోకి బండి దిగదు, కరీంనగర్ రోడ్డు మీద ఆగుతాం, తీసుకురండి అన్నారు.

నా స్కూటీ ఉంది. నేను, నడుమ స్రవంతి, వెనుక ఆమెను పట్టుకుని అనసూయక్క. మైసయ్యను ఒంటరిగా వదిలి బయట గొళ్ళెం పెట్టాలి. అప్పుడు ఆ ముసలాయన బాగున్న ఎడమ చేత్తో నా చున్నీ పట్టుకున్నాడు. ఎంత బలమో! కళ్ళు మాత్రం ఏదో చెబుతున్నాయి. పోవద్దనా? జల్దీ పొమ్మనా? చున్నీ లాక్కుని బయటపడ్డాను.

బండ్ల బాటంతా గుంతలు. బిడ్డ దారిలోనే పుడితే ఏం చేయాలన్నదే నా భయం. వేరే భయం లేదప్పటికి. వెనుక వాగు వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. హద్దు రాయి వచ్చింది... దాటాం. దాటిన వెంటనే స్రవంతి నా భుజం గట్టిగా పట్టేసింది. ఆపు అక్కా, ఆపు అక్కా అంటోంది. నొప్పి తగ్గేదాకా ఆగుదామని బండి ఆపాను.

అప్పుడే వాగు దగ్గర డప్పులు ఆగిపోయాయి.

కీచురాళ్ళు కూడా లేవు.

చిట్... చిట్... చిట్...

ఎండుటాకుల మీద ఏదో పడుతోంది. తడిగా. వాన అనుకున్నాను. వాన కాదు. ఒక పక్క నుంచి వస్తోంది... కొంచెం కొంచెంగా దగ్గరవుతోంది. కాగడా లేదు. అడుగుల చప్పుడు లేదు. మెతుకులు రాలుతున్న చప్పుడొక్కటే. ఆ తర్వాత గొంతు.

పొలి... పొలో... పొలి...

పెద్దగా అరవలేదు. అలసిపోయిన ముసలి గొంతు. మా వెనకాలే, సరిగ్గా ఆ రాయి దగ్గర, బాటకు అడ్డంగా పోయింది.

"మా మామ గొంతు" అంది అనసూయక్క.

మాట పడిపోయిన మనిషి. మంచం దిగలేని మనిషి. నేనే గొళ్ళెం పెట్టి వచ్చాను.

గొంతు అవతలి పొదల్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు. కట్టు పడింది. గూడెం లోపల ఉంది. మేం ముగ్గురం... బయట ఉన్నాం. లోపలి నుంచి వెళ్ళగొట్టినవన్నీ ఎక్కడికి వస్తాయో, సరిగ్గా అక్కడ.

స్రవంతి నా చెవి దగ్గర మెల్లగా అంది. "అక్కా... నా పక్కకు ఎవరో ఊపిరి తీస్తున్నరు."

"ఎనకకు సూడకుండ్రి" అంది అనసూయక్క. "బండి తియ్యి బిడ్డా."

మొదటిసారి ఆమె నన్ను మేడమ్ అనలేదు. బండి తీశాను. వచ్చిన ప్రార్థనలన్నీ కలిపేసి చదివాను. స్రవంతి తల నా వీపు మీదే ఉంది, ఆమె ఊపిరి వెచ్చగా తగులుతోంది. కానీ నా ఎడమ చెంపకు తగిలింది ఎవరి ఊపిరి? అది చల్లగా ఉంది. అంబులెన్సు లైట్లు కనిపించేదాకా తగులుతూనే ఉంది.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పొద్దెక్కాక నేనొక్కదాన్నే అదే బాటన తిరిగొచ్చాను. రాయి దగ్గర ఎర్రటి అన్నం మెతుకులు, బాటకు అడ్డంగా, చీమలు పట్టి ఉన్నాయి. నా బండి టైరు గుర్తు మీద పడి ఉన్నాయి.

ఊరివాళ్ళు వాగు దాటలేదన్నారు. గూడెం కుర్రాళ్ళు పంతానికి చల్లారేమో అనుకుని అడిగాను. మేం ఇళ్ళలోంచి కదల్లేదన్నారు. ఇప్పటికీ వాళ్ళ మీదే అనుమానం పెట్టుకుని బతుకుతున్నాను. గొళ్ళెం తీసి చూస్తే మైసయ్య పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. పాదాలు చూశాను, సిగ్గు లేకుండా. శుభ్రంగా ఉన్నాయి.

తర్వాత స్రవంతి బిడ్డతో ఇంటికొచ్చింది. ముసలాయన సంతోషిస్తాడని పాపను మంచం పక్కకు తీసుకొచ్చారు. ఆయన పాపను చూడలేదు. పాప పక్కన ఖాళీగా ఉన్న చోటును చూశాడు. ఎడమ చెయ్యి లేచింది. వేళ్ళు ముడిచి, ఏదో పట్టుకున్నట్టు, చల్లాడు. మళ్ళీ ముడిచాడు. మళ్ళీ చల్లాడు. పాప ఉన్నంతసేపూ ఆపలేదు. అనసూయక్క బట్టలు సర్ది, ఆ సాయంత్రమే కూతురిని, పాపను దుండిగల్‌లోని అత్తగారింటికి పంపేసింది.

స్రవంతి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. పాప హుషారుగా ఉందట, రాత్రుళ్ళు ఏడవకుండా పడుకుంటుందట. చివరికి ఒకటే అడుగుతుంది, తాత చెయ్యి ఇంకా ఆడుతోందా అని.

మీరు పోయాక ఆగిపోయిందని చెబుతాను.

ఆగలేదు. నిన్న రాత్రి ఆయనకు మంచినీళ్ళు ఇద్దామని వెళ్ళాను. గదిలో ఆయన, నేను, అంతే. నా మొహం వైపు కాదు... నా ఎడమ భుజం వైపు చూస్తూ చల్లడం మొదలుపెట్టాడు.