మీటర్ల గదిలో దొంగ

పరీక్ష పెట్టకుండా జనార్ధనరావు గారు అగ్గిపెట్టె కూడా కొనరు. గొడుగు కొన్నప్పుడు షాపువాడి చేత నెత్తిన బిందెడు నీళ్ళు పోయించుకున్నారు. మంచం కొనబోయి, షోరూంలోనే గంటసేపు నిద్రపోయి లేచి, "కలలు సరిగ్గా రాలేదు" అని వచ్చేశారు. ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ముప్ఫై నాలుగేళ్ళు తనిఖీ విభాగం. కంపెనీని వదిలారు గానీ తనిఖీని వదల్లేదు.

అలాంటాయనకు నాచారం అపార్ట్‌మెంటువాళ్ళు రాత్రిళ్ళు కూడా బొమ్మ బాగా కనిపించే కెమెరాలు ఎంచే పని అప్పజెప్పారు. కెమెరాలు రాగానే వాచ్‌మన్ చంద్రయ్య, భార్య సాలమ్మ మెట్లకింది గది ఖాళీ చేయాలని తీర్మానం. ఆ మాట చెప్పే ఖర్మ సెక్రటరీ ఉపేందర్‌కు పట్టింది. చెప్పిన నాటి నుంచి చంద్రయ్య నమస్తే పెడితే అతను నేలచూపులు చూస్తున్నాడు. ఈ తతంగం తొందరగా తెమిలితే చాలనుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఇద్దరూ ఉప్పల్‌లోని కెమెరాల షాపుకెళ్ళారు. "రాత్రి ఎలా కనిపిస్తుందో చూపించు" అన్నారు రావు గారు.

"పగటీలి రాత్రిని యాడికెళ్ళి తేవాలె అంకుల్?" అన్నాడు షాపతను తేజేష్.

రావు గారు సంచిలోంచి నల్ల గొంగడి తీశారు. కెమెరాతో సహా ఉపేందర్‌ను అందులోకి తోసి, బయట నిలబడి ఫోన్లో చూశారు.

"మీసం కనిపిస్తోంది ఉపేందర్ గారూ, మొహం తేలడం లేదు."

"చెమటకు మొకం కరిగిపోయింది సార్!"

ఆ తర్వాత ఒక్కో కెమెరానూ ఇంటికి తెచ్చి, సెల్లార్‌లో కిటికీ లేని కరెంటు మీటర్ల గదిలో తలుపేసి చూడటం మొదలైంది. పరీక్షకు దొంగ కావాలి. చంద్రయ్యను పిలిచారు.

"దొంగలా నడువు చంద్రయ్యా."

"దొంగ ఎట్ల నడుస్తడో నాకేమెరుక సారూ? పదకొండేండ్ల సంది ఒక్కన్ని గూడ రానియ్యకపోతి."

ఉపేందర్ గోడవైపు తిరిగి మీటర్ల రీడింగులు చూడసాగాడు.

నెలన్నర గడిచింది. ఆరు కెమెరాలయ్యాయి. ఉపేందర్‌కు బుర్ర పనిచేయడం మానేసింది.

"మెగాపిక్సెల్లు ఎక్కువున్నది తీస్కుందామా సార్?"

"అది పగటికి గొప్ప. చీకట్లో సెన్సార్ పెద్దదిగా ఉండాలి."

"మరి గీ లైట్లున్నది?"

"దగ్గరికొస్తే మొహానికి పిండి పూసినట్టుంది."

"కెమెరా కొంటున్నరా సార్, పిల్ల సంబంధం జూస్తున్నరా?"

"సంబంధానికైతే ఇంత చూడనండీ."

ఉన్నట్టుండి ఒక ఆదివారం ఆయనే వచ్చి, ఆ పిండి మొహం కెమెరాలే ఖాయమన్నారు. ఉపేందర్ తెల్లబోయాడు.

"ఒకటే షరతు. బిగించాక పదిహేను రోజులు పరీక్ష. అందాకా చంద్రయ్య ఉంటాడు. దొంగ కావాలి కదా!"

పన్నెండో రోజు పొద్దున రికార్డింగు పెట్టి చూస్తే నాలుగు కెమెరాల బొమ్మలూ తెల్లటి పొగ. కెమెరాల మూతుల నిండా సాలెగూళ్ళు. మీటింగులో గోల లేచింది.

రావు గారు తాపీగా చెప్పారు: "లైటు వెచ్చదనానికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. రాత్రి ఆ గూటి మీద లైటు పడితే ఇంతే. రెండ్రోజులకోసారి నిచ్చెనెక్కి తుడవాలి. ఎవరెక్కుతారు?"

అందరికీ ఒక్కసారిగా మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి. చంద్రయ్య నిచ్చెన తెచ్చాడు. గది ఖాళీ చేయించే తీర్మానం కొట్టేశారు.

మర్నాడు తుడిచే గుడ్డలు కొనడానికి వెళ్ళిన ఉపేందర్, తేజేష్ మీద విరుచుకుపడ్డాడు. "గూడు పట్టని కెమెరానే లేదా నీ కాడ?"

"ఉన్నది అన్నా. సొంత లైటుండదు, మీ సెల్లార్ ట్యూబులైటుకే రంగులల్ల సూపెడ్తది. కొనే ముంగటి దినం అంకుల్ ఒక్కడే వచ్చిండు. గా కెమెరా వద్దు, గూడు మస్తు పట్టేది ఏదో చెప్పుమన్నడు. నాకైతే సమజ్ కాలే. మార్చియ్యాల్నా?"

ఉపేందర్ గుడ్డలు చంకలో పెట్టుకున్నాడు. షాపు అదిరేలా నవ్వాడు.

"వద్దు తమ్మీ. మా సాలెపురుగులతోని మాకేం తకరార్ లేదు."