తొంభై ఎనిమిది, నూట ఎనిమిది

మా అమ్మాయి కారుకు రెండే తలుపులు. అందులో కూర్చుంటే పక్కన ఆగిన సిటీ బస్సు టైరు నా చెవికి సమానంగా ఉంటుంది. కొన్న ఏడాదికి ఆమెకు ఆ కారును ఇంకో అంగుళం కిందికి దించాలనిపించింది. ఉన్న స్ప్రింగులు తీసి పొట్టివి వేస్తారట. అప్పుడు మలుపుల్లో కారు ఒరగదట, చూడడానికీ బాగుంటుందట. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లే కారు. దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లు కింద గీరుకుంటాయేమోనని ఆమె అనుమానం.

"నువ్వు కొలిచి చెప్పు నాన్నా. నువ్వు ఊ అంటే దించేస్తా, ఊహూ అంటే మానేస్తా" అంది.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు కాలువల మట్టాలు తీసినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుపెట్టిన డైరీ ఇంకా రాస్తూనే ఉన్నాను. కొలిచి చెప్పమంటే కాదనడం నాకు చేతకాదు.

శేరిలింగంపల్లిలో మా అపార్ట్‌మెంటు గేటు నుంచి మాదాపూర్‌లో ఆమె ఆఫీసు దాకా పద్నాలుగు స్పీడ్ బ్రేకర్లు తేలాయి. ఒక పొడవాటి అల్యూమినియం పట్టీ, మేస్త్రీలు వాడే స్పిరిట్ లెవెల్, ఒక స్టీలు స్కేలు పట్టుకుని మూడు రోజులు ఆటోలో తిరిగాను. ఈ దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరూ ఏదో ఒక గేటు ముందే ఉంటుంది, ప్రతి గేటు దగ్గరా ఒక సెక్యూరిటీ మనిషి ఉంటాడు. అన్నిటికన్నా ఎత్తైన దాని దగ్గర ఉన్నాయన నెరిసిన మీసాల మనిషి. కాసేపు నన్నే చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏంది సారూ, గీడికెల్లి గూడ మెట్రో పోతదా?"

"మెట్రో కాదయ్యా. మా అమ్మాయి కారు దీని మీద పోతుందో లేదో చూస్తున్నాను."

"పోకుంటె జర దిగి నడువుమనుండ్రి." నేను వంగడానికి పడుతున్న తంటాలు చూసి స్కేలు తనే తీసుకున్నాడు. "మీరు జరుగుండ్రి, నేను జూస్త. తొంభై ఎనిమిది, రాసుకోండ్రి."

రాసుకున్నాను. ఇద్దరం కూర్చున్నప్పుడు కారు అడుగుకూ నేలకూ మధ్య నూట నలభై మిల్లీమీటర్లు. అంగుళం దించితే నూట పదిహేను. అందులో తొంభై ఎనిమిది పోతే పదిహేడు మిగులుతుంది. పదిహేను మిగిలితే చాలని మేం ముందే అనుకున్నాం. కాబట్టి దించవచ్చు.

డైరీలో అదే రాసి కలం మూత పెడుతుంటే తట్టింది, కారుతో పాటు సీటు కూడా అంగుళం దిగుతుందని.

రెండేళ్ల కిందట నా కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మా అమ్మాయి మూడు నెలలు సెలవు పెట్టి నన్ను చూసుకుంది. ఆ ఏడు తనకు రావలసిన ప్రమోషన్ వేరొకరికి వెళ్లింది. ఆ సంగతి ఆమె నాతో అనలేదు, ఫోనులో స్నేహితురాలితో అంటుంటే విన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో మోకాలి మాట నేను ఎత్తలేదు. ఎలా ఉందని అడిగితే బ్రహ్మాండంగా ఉందంటాను.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లాక నా గదిలో నేల మీద పాత డైరీలను సరిగ్గా కారు సీటు ఎత్తుకు పేర్చాను. కూర్చుని, తలుపు బదులు బీరువా పిడి పట్టుకుని లేచాను. కష్టమైనా లేవగలిగాను. ఒక డైరీ తీసేశాను. మా డైరీలు సుమారు అంగుళం మందం. మళ్లీ కూర్చున్నాను. ఈసారి లేవలేకపోయాను. మూడుసార్లు ప్రయత్నించాను. ఫోను వంటింట్లో ఉంది. చివరికి డైరీల మీది నుంచి పక్కకు జారి, పాకుతూ మంచం దాకా వెళ్లి, దాని కోడు పట్టుకుని లేచేసరికి ఇరవై ఐదు నిమిషాలైంది.

కారు ఎక్కడం మానేస్తే పోయేదేమిటని ఎవరైనా అడగవచ్చు. ఇంట్లో ఉన్నంతసేపూ మా అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి, అవతల ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. ఉదయం ఆఫీసుకు వెళ్తూ నన్ను కొండాపూర్‌లో పార్కు గేటు దగ్గర దింపుతుంది. ఒక గంట నడిచి నేను ఆటోలో ఇంటికి వస్తాను. ట్రాఫిక్ పుణ్యాన ఆమె కారులో పార్కు దాకా ఆ కాస్త దూరానికి నలభై నిమిషాలు పడుతుంది. వాళ్ల మేనేజరు మీటింగులో ఎలా దగ్గుతాడో చేసి చూపిస్తుంది. నా చిన్నప్పటి సంగతులు అడుగుతుంది. రోజు మొత్తంలో మేమిద్దరం మాట్లాడుకునేది ఆ నలభై నిమిషాలే.

మోకాలి సంగతి చెబితే ఆ క్షణమే స్ప్రింగుల ఆలోచన మానేస్తుంది. ఇంకోసారి నా కాలికోసం ఆమె ఒకటి వదులుకున్నట్టవుతుంది. చెప్పకపోతే రేపటి నుంచి నేను ఆ కారులో లేను.

ఆ సాయంత్రం కొలతలన్నీ తెల్లకాగితం మీద శుభ్రంగా తిరగరాసి ఇచ్చాను. పదమూడు అంకెలు సరైనవే. పద్నాలుగోది నూట ఎనిమిది అని రాశాను.

"ఏడేనా మిగిలేది?"

"ఏడే."

"ఛ. రెండుసార్లు చూశావా నాన్నా?"

"చూశాను."

"నువ్వు చూశావంటే ఇంక అంతే."

నా ముందే వర్క్‌షాపుకు ఫోను చేసి వద్దని చెప్పింది. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. దాని ఫోటో తన కార్ల స్నేహితులకు పంపితే, ఒకతను నాకు సాష్టాంగ నమస్కారం చెప్పమన్నాడట.

మర్నాడు ఆ స్పీడ్ బ్రేకరు దగ్గరికి రాగానే వేగం బాగా తగ్గించింది. "గట్టిగా పట్టుకో, నూట ఎనిమిది వస్తోంది. తగిలిందంటే ఆ నూట ఎనిమిదికే ఫోను చేద్దాం" అని నవ్వింది. అంబులెన్సు నంబరు అదే కదా. ఆ రోజు నుంచి దానికి అదే పేరు. కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం మెల్లగా ఎక్కించి దింపుతుంది. వెనక వాళ్లు హారన్లు కొడతారు. నేను ముందుకు చూస్తూ కూర్చుంటాను.

ఒకసారి ఫ్లైఓవర్ మీద బండ్లు పూర్తిగా నిలిచిపోయాయి. రెండు పక్కలా బైకులు తలుపులకు ఆనుకుని ఆగాయి. ఇప్పుడైనా చెప్పాలనుకుని, "అమ్మా, ఆ కొలత ఉంది చూడు..." అన్నాను.

"అబ్బ, ఇంకా దాని గురించేనా? నాకేం బాధ లేదు. నువ్వు కొలవబట్టి బతికిపోయా, లేకపోతే గీరుకుపోయాక ఏడ్చేదాన్ని. లైట్ తీసుకో నాన్నా."

సరేనన్నాను.

పోయిన వారం ఆ రోడ్డుకు కొత్త తారు వేశారు. పాత స్పీడ్ బ్రేకరు తీసేసి దాని చోట తక్కువ ఎత్తుది కట్టారు. నాకన్నా ముందు ఆమే చూసింది. "నూట ఎనిమిది పోయింది నాన్నా! మళ్లీ కొలుద్దాం. ఈసారి నేనొస్తా. వంగడం నా పని, నువ్వు రాసుకో."

ఆదివారం పొద్దున్నే వెళ్లాం. నడుస్తూ నడుస్తూ ఏదో ఒక అంకె రాసేయవచ్చని నాకు తోచకపోలేదు. కానీ మా శాఖలో పద్ధతి ఒకటుంది. స్టాఫ్, అంటే కొలత కర్ర, చదివినవాడు అంకె చెబితే, రాసేవాడు దాన్ని పైకి తిరిగి చెప్పి రాయాలి. మా అమ్మాయికి చిన్నప్పుడే ఆ పద్ధతి నేర్పాను. కొత్తదాని దగ్గర ఆమె రోడ్డు మీద గొంతుకూర్చుని, "ఎనభై తొమ్మిది" అని చదివి, తల ఎత్తి నా కోసం ఆగింది.

"ఎనభై తొమ్మిది" అన్నాను.

మిగతావన్నీ దానికన్నా తక్కువే. లేచి చేతులు దులుపుకుంటూ ఆమె లెక్క వేసింది. "ఇరవై ఆరు మిగులుతుంది. అంటే దించొచ్చు."

"దించొచ్చు" అన్నాను.

శనివారానికి వర్క్‌షాపు ఖాయం చేసింది. మధ్యలో ఐదు ఉదయాలు. ఇవాళ మంగళవారం, రెండు అయిపోయాయి. పొద్దున పార్కు గేటు దగ్గర తలుపు అంచు పట్టుకుని లేవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది. స్టీరింగు మీది నుంచి వంగి నా వైపు చూసింది. "ఏమైంది నాన్నా?"

బెల్టు చిక్కుకుందన్నాను.